టీ తాగి వస్తే బాగయ్యే కారు

మా కారుకు ఏదో తేడా చేసిందని మా ఇంట్లో మొదట కనిపెట్టింది నేనే. ఆ మాట మిగతావాళ్ళు నమ్మేసరికి నాలుగు నెలలు గడిచాయి, 8 వేల పైచిలుకు రూపాయలు పోయాయి. ఇది కారు గురించే రాస్తున్నాను గానీ, చదువుతుంటే మీకు మీ మోకాళ్ళో, మీ అమ్మగారి ఆయాసమో గుర్తొస్తే నా పూచీ లేదు.

మేముండేది కర్నూలు. మా అమ్మ కడపలో ఒక్కతే ఉంటుంది. నెలకు రెండుసార్లు నేనే కారు తీసుకుని వెళ్ళి చూసి వస్తాను. నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా దగ్గర దగ్గర 200 కిలోమీటర్లు. మా ఆయన ఆఫీసుకు స్కూటర్ మీద వెళ్తారు. ఆదివారం కూరగాయలకో, ఊళ్ళో పెళ్ళికో తప్ప ఆయన కారు తీయరు. కాగితాల మీద కారు ఆయనది, దాని మంచిచెడ్డలు తెలిసింది నాకు.

పోయిన ఎండాకాలంలో మొదలైంది ఈ గొడవ. ఊళ్ళో ఏ ఇబ్బందీ లేదు. తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజను నడుస్తోందా లేదా అన్నంత నెమ్మదిగా తిరుగుతుంది. హైవే ఎక్కి, లారీని దాటదామని ఎక్సలేటర్ తొక్కితే మాత్రం బండి లాగదు. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపించే మీటర్ ఉంటుంది కదా, దాని ముల్లు 3 వేల దగ్గరకు వచ్చి ఎవరో చేత్తో పట్టుకున్నట్టు ఆగిపోతుంది. ఇంకా తొక్కితే ముల్లు పైకి పోదు సరికదా, బండి ఒక కుదుపు కుదిపి ఇంకా నెమ్మదిస్తుంది. ఏసీ వేసి ఉంటే మరీను.

మరి నేనేం చేశాను? మనం ఇంట్లో చేసేదే చేశాను. సర్దుకున్నాను. 60 దాటకుండా ఎడమ పక్కనే పోవడం అలవాటు చేసుకున్నాను. మే నెల ఎండలో ఏసీ ఆపేసి అద్దాలు దించుకున్నాను. నాపరాళ్ళ లారీ వెనకాలే దుమ్ము మింగుతూ పది పదిహేను కిలోమీటర్లు పోయేదాన్ని గానీ దాటే సాహసం చేయలేదు. నిదానమే ప్రధానం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఇంట్లో చెబితే మా ఆయన ఆ ఆదివారం సి.క్యాంప్ దాకా వెళ్ళొచ్చి, "బాగానే ఉందే! నువ్వు గేరు సరిగ్గా మార్చడం లేదేమో" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. సి.క్యాంప్ దాకా వెళ్ళడానికి ఇంజనుకు 3 వేల చుట్ల అవసరమే రాదు. లోపం బయటపడే చోటికి ఆయన బండిని తీసుకెళ్ళలేదు, అంతే.

నేను పోరగా పోరగా షెడ్డుకు తీసుకెళ్ళారు. మొదటి చోట స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు. 3,800. ఆ పాత ఎయిర్ ఫిల్టర్ చూస్తే నాకే సిగ్గేసింది. మన దారుల్లో ఎర్రమట్టి, సిమెంటు లారీలు, బేతంచెర్ల వైపు రాళ్ళ పాలిష్ దుమ్ము తెలిసినవే కదా. మార్చాల్సిందే, మార్చారు. జబ్బు మాత్రం పోలేదు. రెండో చోట "క్లచ్ పోయింది సార్, 14 వేలవుతుంది" అన్నారు. ఆ నెల పాప ఫీజు కట్టాల్సి వచ్చి ఆగిపోయాం. చేతిలో డబ్బు లేకపోవడం కూడా ఒక్కోసారి మేలు చేస్తుంది. మూడో చోట కంప్యూటర్ పెట్టి చూసి "తప్పేమీ చూపించట్లేదు, పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు కదా, ఇప్పుడు అన్ని బండ్లూ ఇంతే" అని, ఇంజెక్టర్లు శుభ్రం చేసి 4,500 తీసుకున్నారు.

మూడు చోట్లా మాట్లాడింది మా ఆయనతోనే. నేను ఏదో చెప్పబోతే, "మీరు కూర్చోండి మేడం, ఫ్యాన్ వేస్తాం" అన్నారు. మర్యాదగానే అన్నారు. ఆ మర్యాదకు మాకు నాలుగు నెలలు పట్టింది.

సెప్టెంబరులో రాయచోటిలో బంధువుల ఇంట్లో పేరు పెట్టే ఫంక్షన్. కడప నుంచి అమ్మనూ పాపనూ ఎక్కించుకుని బయలుదేరాను. గువ్వలచెరువు ఘాట్ మీకు తెలిసే ఉంటుంది. మలుపులు, ఎత్తు, ముందూ వెనకా లారీలు. సగం ఎక్కేసరికి బండి చేతులెత్తేసింది. మూడో గేరులో కాలు చివరిదాకా తొక్కి పట్టినా 40, 35, 30. రెండో గేరులో వేశాను. ముల్లు లేవలేదు. వెనక లారీ అతను హారన్ తీయకుండా కొడుతున్నాడు. వెనక్కి జారకుండా, ఆగిపోకుండా, నాలుగు దిక్కుల లైట్లూ వేసుకుని పాకినట్టు వెళ్ళి కాస్త వెడల్పు కనిపించిన చోట పక్కకు ఆపేశాను. స్టీరింగ్ మీద నా చేతులు వణుకుతున్నాయి. పాప ఏడవడం మొదలుపెట్టింది. పది నిమిషాలు ఆగి, దేవుడి మీద భారం వేసి మళ్ళీ స్టార్ట్ చేస్తే, అంతసేపూ ఏమీ జరగనట్టు మిగతా ఘాట్ అంతా సాఫీగా ఎక్కేసింది. పైన గువ్వలచెరువులో పాలకోవా కొనే ధ్యాస కూడా లేదు నాకు.

ఆ రోజు తెలిసింది, నేను నాలుగు నెలలుగా చేసింది ఓర్పు కాదని. ప్రమాదాన్ని వాయిదా వేయడం అది.

మర్నాడు కడపలో మా చిన్నాన్న ఒక మెకానిక్ దగ్గరకు తీసుకెళ్ళాడు. 60 దాటిన పెద్దాయన. షెడ్డుకు బోర్డు కూడా లేదు. బానెట్ తెరవకుండానే అడిగాడు.

"బండి ఎవురు తోల్తారు?"

చిన్నాన్న నోరు తెరిచేలోగా, "నేనేనండీ" అన్నాను.

"అట్లయితే నువ్వే చెప్పు మ్మా. ముల్లు పైకి పోయి బండి పోదా, ముల్లే పైకి పోదా?"

"ముల్లే పోదు."

"క్లచ్ గాదు అయితే. పొద్దున సల్లగా ఉన్నప్పుడా, ఏడెక్కినాకనా?"

"బయలుదేరిన అరగంట బాగుంటుంది. హైవేలో గట్టిగా తోలాక మొదలవుతుంది."

"ఆపి మళ్ళా తీస్తే?"

"ఆళ్ళగడ్డలో టీకి ఆగుతానండీ. పది నిమిషాలు ఆగి బయలుదేరితే మళ్ళీ కాసేపు కొత్త బండిలా పోతుంది. నిన్న ఘాట్‌లో కూడా అంతే."

ఆయన చేతులు తుడుచుకుంటున్న గుడ్డ పక్కన పెట్టాడు. "ఈ మాట ఇంతవరకూ ఎవురికీ చెప్పలేదా?"

"ఎవరూ అడగలేదండీ."

తర్వాత చిన్న స్కానర్ చేత్తో పట్టుకుని నా పక్క సీట్లో కూర్చుని, నన్నే తోలమన్నాడు. ఊళ్ళో కాదు, బైపాస్ మీద, ఎత్తు ఎక్కిస్తూ. నిలబడి ఉన్న బండికి స్కానర్ పెట్టి చూడటం వేరు, పని చేస్తున్న బండికి పెట్టి చూడటం వేరు. కంప్యూటర్ తనకు గీసిన గీత దాటితేనే తప్పు నమోదు చేస్తుంది. తప్పు నమోదు కాలేదంటే బండి బాగుందని కాదు. ముల్లు 3 వేల దగ్గర ఆగినప్పుడల్లా గాలికి తగినంత పెట్రోలు అందడం లేదని ఆ అంకెలు చెబుతున్నాయట. షెడ్డుకు వచ్చాక పెట్రోలు గొట్టానికి ప్రెషర్ మీటర్ తగిలించి చూపించాడు. ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటే ప్రెషర్ నిలకడగా ఉంది. రేస్ చేస్తే పడిపోతోంది.

ఆయన చెప్పింది నాకు అర్థమైన తీరులో చెబుతాను. కె.సి. కాలువ మనందరికీ తెలిసిందే. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్ళు ఎత్తుకుని కడప దాకా వస్తుంది. మొదట్లో ఎక్కడో చెత్త అడ్డం పడిందనుకోండి. నాలుగు మడులు తడవాలంటే ఆ సన్న ధార చాలు, ఎవరికీ తేడా తెలియదు. అందరూ ఒక్కసారి నాట్లు వేస్తే అప్పుడు చివరి ఆయకట్టు రైతు గగ్గోలు పెడతాడు. ఇంజనూ అంతే. ఆగి ఉన్నప్పుడు దానికి చెంచాడు పెట్రోలు చాలు. ఘాట్ ఎక్కేటప్పుడు అంతకు ఎన్నో రెట్లు కావాలి. దారిలో అడ్డం ఉంటే అప్పుడే బయటపడుతుంది.

ఇంజను చేసే పని చూస్తే మూడే. గాలి పీల్చాలి, పెట్రోలు తాగాలి, పొగ వదలాలి. తగిన సమయానికి నిప్పురవ్వ పడాలి. పై చుట్లలో శక్తి పోతోందంటే వీటిలో ఏదో ఒకటి చాలడం లేదన్నమాట. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే పీల్చలేదు. సైలెన్సర్ దారిలో పొగను శుభ్రపరిచే కన్వర్టర్ పూడుకుపోతే వదలలేదు, పొగగొట్టం మూసుకుపోయిన వంటింట్లో పొయ్యి మండనట్టు. ప్లగ్గులు, కాయిల్స్ నీరసిస్తే పెద్ద బరువు మీద రవ్వ తప్పుతుంది, బండి దడదడలాడుతుంది. ముల్లు గబుక్కున పైకి లేచినా బండి వేగం పెరగకపోతే ఇంజను బాగానే ఉంది, క్లచ్ జారుతోంది. మాది ఆ చివరిది కాదని నాలుగు నెలలుగా నా కళ్ళముందు ఆ ముల్లు చెబుతూనే ఉంది. 14 వేల క్లచ్ మార్చి ఉంటే ఏమయ్యేది?

ఇథనాల్ మాట కూడా చెప్పాడు పెద్దాయన. అది కలిసిన పెట్రోలుతో మైలేజీ కొంత తగ్గడం నిజమే. అంతమాత్రాన 3 వేల దాకా బాగుండి ఆపైన ఆగిపోవడం, టీ తాగి వచ్చేసరికి బాగవడం దాని లక్షణం కాదట.

మా కారులో పెట్రోలు పంపు వెనక సీటు కింద, ట్యాంకులో మునిగి ఉంటుంది. దాన్ని పైకి తీస్తే, పంపు మూతికి తొడిగిన చిన్న జాలీ సంచి నల్లటి మడ్డితో మూసుకుపోయి ఉంది. టీ వడకట్టే జాలీని వారం రోజులు కడగకపోతే ఎలా ఉంటుందో అలా. బండి గట్టిగా పోయేకొద్దీ పంపు లాగుడుకు ట్యాంకు అడుగున ఉన్న మడ్డి వచ్చి జాలీకి అంటుకుంటుంది. ఆపితే లాగుడు ఉండదు కాబట్టి కొంత విడిపోయి కిందకు దిగుతుంది. నేను ఆళ్ళగడ్డలో టీ తాగే పది నిమిషాలలో జరిగేది అదన్నమాట. ట్యాంకు కడిగి, జాలీ మార్చి, అంతా కలిపి 1,900 తీసుకున్నాడు. ఆ సాయంత్రం కర్నూలు వస్తుంటే మైదుకూరు దాటాక ఏసీ వేసి మరీ ఎక్సలేటర్ తొక్కాను. ముల్లు 4 వేలు దాటింది. ఒక్కదాన్నే కారులో గట్టిగా నవ్వాను.

ఇంటికొచ్చాక మా పాపకు ఒక కథ చెప్పాను. నిజంగా జరిగిందే. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆమె, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన కారును ఆయనకు చెప్పకుండా తీసుకుని, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయలుదేరింది. 100 కిలోమీటర్ల పైమాటే. అంత దూరం కారులో అప్పటికి ఎవరూ వెళ్ళలేదు. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే తన టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. ఎత్తు ఎక్కలేక బండి మొరాయిస్తే పిల్లలు దిగి తోశారు. ఇంటికొచ్చి భర్తకు, కొండలు ఎక్కడానికి ఇంకో గేరు కావాలని చెప్పింది. ఆయన పెట్టాడు. కారును కనిపెట్టినాయనకు కూడా దాని లోపం తోలిన మనిషే చెప్పాల్సి వచ్చింది. ఆమె కూడా మనలా పుట్టింటికి పోతూనే కనిపెట్టింది!

నా అభిప్రాయం ఒక్కటే. బండి రిపేరు చేయడం మనకు రాకపోవచ్చు. రావాల్సిన పని కూడా లేదు. ట్యాంకు విప్పడం, పెట్రోలు తీయడం ఇంట్లో చేసే పనులు కావు, నిప్పుతో చెలగాటం. కానీ జబ్బు ఏమిటో చెప్పడం మన పని. అది రోజూ తోలేవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. ఎప్పుడు మొదలైంది, ఎన్ని చుట్ల దగ్గర, ఏ గేరులో, చల్లగా ఉన్నప్పుడా వేడిగా ఉన్నప్పుడా, ఏసీతోనా లేకుండానా, ఆపితే తగ్గుతుందా. ఇవి ఫోన్లోనో, పాలవాడి లెక్క రాసే పుస్తకంలోనో రాసుకోండి. లోపం కనిపించే చోటికి మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని మీరే తోలి చూపించండి. ఫలానా పార్టు పోయింది అంటే, "ఏం పరీక్ష చేస్తే అట్లా తెలిసింది?" అని అడగండి. మార్చిన పాత సామాను చేతికి ఇవ్వమనండి. ముందు తక్కువ ఖర్చు పరీక్షలు, తర్వాతే పార్టులు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బిఎస్-6 డీజిల్ కారు మీ ఇంట్లో ఉంటే ఇంకో సంగతి. చాలావాటిలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఊళ్ళో చిన్న చిన్న దూరాలకే తిప్పితే అది మసితో నిండి బండి శక్తి తగ్గించేస్తుంది. మధ్యమధ్య హైవే మీద కాసేపు తోలాలి. దాని లైటు వెలిగితే పట్టించుకోకుండా ఉండకూడదు.

తప్పంతా మెకానిక్కులదే అనడం లేదు. మనం వెళ్ళి "బండి బాగాలేదు" అని మాత్రం చెబితే, డాక్టరు దగ్గర "ఒంట్లో బాగాలేదు" అని ఊరుకున్నట్టే. మా ఆయన మీద కూడా కోపం లేదు. ఇప్పుడు ఆయనే అందరికీ "మా ఆవిడ చెబితేనే దొరికింది" అని చెప్పుకుంటున్నారు. కాకపోతే గేరు మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఒక మాట దాచుకున్నాను. ఘాట్‌లో బండి ఆపిన ఆ పది నిమిషాల్లో పాపను ఊరుకోబెడుతూ అమ్మ అంది, "నాకూ ఇట్లనే మ్మే. కూర్చుంటే బాగుంటా. మిద్దె మెట్లెక్కితే సగంలో గుండె పట్టేస్తాది. కాసేపు నిలబడితే మళ్ళా పోతా" అని. ఆ గాబరాలో నేను "సరేలేమ్మా" అనేశాను. పెద్దాయన షెడ్డులో "ఆపి మళ్ళా తీస్తే?" అని అడిగినప్పుడు తట్టింది నాకు ఆ మాట. ఏడాదిగా అమ్మ బట్టలు మిద్దె మీద కాకుండా కింద వరండాలో ఆరేస్తోంది. నెలకు రెండుసార్లు వెళ్ళి ఆ తీగ చూస్తూనే ఉన్నాను. కొత్త తీగ బాగుంది అన్నాను గానీ, ఎందుకు కట్టావని అడగలేదు.

కర్నూలు రావడానికి ముందు పొద్దున్నే ఆస్పత్రికి తీసుకెళ్ళి రక్తం ఇప్పించాను. హిమోగ్లోబిన్ 7.8. రక్తం ఎందుకు తగ్గిందో ఇంకా పరీక్షలు చేస్తున్నారు, మందులు మొదలుపెట్టారు. గుండె పరీక్ష పడుకోబెట్టి తీస్తే బాగానే వచ్చిందట. "మెట్లెక్కితేనే వస్తుంది డాక్టరుగారూ, ఆగితే తగ్గుతుంది" అని ఈసారి నేనే ముందు చెప్పాను.

సర్దుకుపోవడం చెడ్డదని అనను. అది లేకపోతే ఏ ఇల్లూ నడవదు. కానీ మనం సర్దుకున్న ప్రతి చోటా ఏదో ఒకటి మూసుకుపోతూ ఉంటుంది, మనం నెమ్మదిగా పోతున్నాం కాబట్టి తెలియదు, అంతే. మీ ఇంట్లో ఎవరైనా ఈ మధ్య ఏ పనైనా చడీచప్పుడు లేకుండా మానేశారేమో చూడండి. చూసి ఊరుకోకండి, అడగండి. వచ్చే వారం మళ్ళీ కడప వెళ్తున్నాను. ఆళ్ళగడ్డలో టీకి ఎలాగూ ఆగుతాను. ఈసారి టీ కోసమే.